ప్లానమ్మ, ఆమె అల్లుళ్ళు

ప్లానమ్మకు నలుగురు అల్లుళ్ళు. కూతుళ్ళు లేరు. అసలు పెళ్ళే చేసుకోలేదు. ఇళ్ళ ప్లాన్లు గీసే కంప్యూటర్ ప్రోగ్రాములను ఆమె అల్లుళ్ళని పిలిచేది. బెంగుళూరులో సీడీలు వెతికి తెచ్చి ఆ సంబంధాలన్నీ కుదిర్చిన పెళ్ళిళ్ళ పేరయ్యను నేను. కుప్పంలో నాకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. పొద్దున రైలెక్కితే ఎండ ముదరకముందే బెంగుళూరులో దిగొచ్చు. అందుకని ఈ చుట్టుపక్కల ఊళ్ళలో కంప్యూటర్ కొన్నవాళ్ళంతా, ఏ సీడీ కావాలన్నా నా ప్రాణమే తీసేవారు.

ఆమె పోయిందన్న సంగతి మొన్న పుంగనూరు బస్టాండులో తెలిసింది. మదనపల్లె బస్సు కోసం నిలబడి ఉంటే, పాత సిమెంటు కొట్టాయన ఎదురుపడ్డాడు. వానల గురించీ ధరల గురించీ మాట్లాడాక, "మీ ప్లానమ్మ పాయె గదా సార్, తెల్సునా?" అన్నాడు. తెలియదు. జ్వరమని ఆసుపత్రిలో చేరిందట, ఎక్కువ రోజులు లేదట. "మీ ప్లానమ్మ" అన్నాడే, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. బస్సు వచ్చింది, నిండింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

ఆమెకూ ఒక పేరుండేది. ఆ పేరు పెట్టి అడిగితే మదనపల్లెలో ఎవరూ దారి చూపించేవారు కాదు. ప్లానమ్మ అంటే మాత్రం బస్టాండులో వేరుశెనక్కాయలు అమ్మేవాళ్ళు కూడా, "ఆ సందులోకి పోప్పా, కండ్లు మండేకాడ నిలబడు" అని చెప్పేవారు. ప్లాన్ కాపీలు తీసే అమ్మోనియా ఘాటు అది. ఆ కొట్టులోకి పోయినవాళ్ళు ఎవరైనా సరే కళ్ళు తుడుచుకుంటూ బయటికి రావలసిందే. కొత్తవాళ్ళు చూస్తే ఎవరో పోయిన ఇంటికి పరామర్శకు వచ్చారనుకునేవారు.

ఏదో ప్రభుత్వ ఆఫీసులో, ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసినవాటి మీద పలచని కాగితం పరిచి సిరాతో దిద్దే ఉద్యోగం చేసిందట. పై అధికారితో మాటామాటా వచ్చి మానేసిందట. ఒకసారి అడిగాను. "ఆ కతంతా ఇప్పుడు యాలప్పా" అంది. మళ్ళీ అడగలేదు. బక్కపలచని మనిషి. పని మొదలుపెట్టేముందు రెండు అరచేతులతో బల్లను ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరేది. కాగితం ముడతలు తీసే అలవాటు అది. కంప్యూటర్ వచ్చాక కాగితం పోయింది గానీ నిమరడం పోలేదు. కీబోర్డును పక్కకు జరిపి, ఉత్త బల్లను నిమిరి, మళ్ళీ కీబోర్డును ముందుకు లాక్కునేది.

ప్లాన్ కోసం ఎవరొచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే. "తూర్పున ఎవరప్పా?"

మన దగ్గర స్థలం రిజిస్టరు చేసేటప్పుడు చెక్కుబందీ రాస్తారు. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర ఫలానావారి గోడ, దక్షిణం వీధి, ఉత్తరం ఫలానావారి దొడ్డి. నాలుగు దిక్కులా ఎవరున్నారో చెబితేనే ఆ స్థలం ఎక్కడుందో చెప్పినట్టు. ఆ పద్ధతిని ఆమె ప్లాన్లలోకి తెచ్చుకుంది. ముందు చుట్టూ ఉన్న ఇళ్ళను చుక్కల గీతలతో వేసి, వాళ్ళ పేర్లు రాసి, ఆ తర్వాతే మధ్యలో మన ఇల్లు మొదలుపెట్టేది. పేర్లు తెలియకపోతే పెన్సిల్ కూడా చెక్కేది కాదు.

పెద్దమండ్యం నుంచి వచ్చిన ఒక రైతుతో జరిగిన సంభాషణకు నేనే సాక్షిని.

"తూర్పున ఎవరప్పా?"

"ఎవురూ లేరమ్మా. సేను."

"ఎవురి సేను?"

"నాదే."

"పడమర?"

"అదీ నాదే."

"ఉత్తరం, దక్షిణం?"

"అంతా నాదేనమ్మా."

"అట్లయితే నీకు ప్లాన్ యాల? యాడ బుద్ధి పుడితే ఆడ కట్టుకోపో."

ఆ రైతు నిజంగానే లేచి నిలబడ్డాడు. ఆమె నవ్వి కూర్చోబెట్టి, అతని చేతే నాలుగు దిక్కులా అతని పేరే చెప్పించి రాసుకుంది.

తొంభైలు సగం దాటాక కంప్యూటర్ కొనింది. నేనే తెచ్చి బిగించాను. అప్పటికే ఆమెకు యాభై దాటాయి. మానిటర్ అద్దం మీద బొటనవేలూ చిటికెనవేలూ చాచి జానతో కొలిచేది. ఇంతలో బొమ్మ పెద్దదయ్యేది. "ఇప్పుడే గదప్పా జాన ఉండె, అప్పుడే మూరైంది. ఇదేం కొలత?" అని నా మీద ఎగిరేది. నేను వెళ్ళిన ప్రతిసారీ ముందు ఆ అద్దం మీది వేలిముద్రలు తుడవడంతోనే నా పని మొదలయ్యేది.

అప్పుడు తెచ్చిన ప్రోగ్రాము పెద్దల్లుడు. నల్లటి తెర, కింద ఆజ్ఞ టైపు చేస్తే పైన గీత పడుతుంది. "మంచోడప్పా. చెప్పిన పని చేస్తాడు, చెప్పంది చెయ్యడు. అయితే ఇంటి సంగతులేవీ వానికి పట్టవు" అనేది. నిజమే. మనం గోడ అనుకునేది దానికి రెండు గీతలు. గోడను జరిపితే కిటికీ ఉన్నచోటే గాలిలో ఉండిపోయేది. ప్లాన్‌లో తలుపు మారిస్తే ముందువైపు బొమ్మలో తలుపు మారేది కాదు. అన్నీ విడివిడిగా మనమే దిద్దుకోవాలి. ఒకచోట దిద్ది ఇంకోచోట మరిచిపోతే మేస్త్రీ వచ్చి కొట్టు ముందు నిలబడేవాడు.

రెండువేల సంవత్సరం వచ్చీరాగానే రెండో అల్లుణ్ణి తెచ్చాను. వీడు గోడలెరిగినవాడు. గీత లాగితే గోడై లేచి నిలబడేది. కిటికీ పెడితే గోడ తనంతట తానే తొలుచుకునేది. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారేది. ఆ మొదటిరోజు ఆమె ముఖం చూడవలసింది. కుర్చీలోంచి లేచి కంప్యూటర్ వెనక్కు పోయి చూసి వచ్చింది. ఏముందనుకుందో నాకు తెలియదు.

మోజు తీరాక వంకలు మొదలయ్యాయి. కొత్తల్లుడు గదా, పీట మీద కూర్చోకముందే ప్రశ్నలు. నేల ఎంత ఎత్తు, కప్పు ఎంత ఎత్తు, ఇది బయటి గోడా లోపలి గోడా? చెప్పకపోతే ముందుకు కదలడు. అన్ని గదులకూ నేల ఒకే మట్టంలో ఉండాలంటాడు. గోడ కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుందంటే ఒప్పుకోడు. వాడి సరుకుల సంచీలో చలి కాచుకునే పొయ్యి ఉంది, స్నానాల తొట్టి ఉంది. అరుగు లేదు, అటక లేదు, గోడలో దీపం గూడు లేదు. అరుగు కావాలంటే అది పొట్టి గోడ అని అబద్ధం చెప్పాలి. చెబితే నమ్మి, దానిమీద కప్పు వేసేవాడు. "ఏదో చలిదేశం సంబంధం తెచ్చినావు. మన ఇంటి అలవాట్లు వానికేం తెలుస్తాయి" అని నన్ను దెప్పేది. మధ్యలో తెర బిగుసుకుపోతే, "అలిగినాడు. కాఫీ తాగొస్తాం పా" అని స్విచ్ కట్టేసి లేచేది.

ఇద్దరికీ పడేది కాదు. పెద్దవాడు గీసింది రెండోవాడికి ఇస్తే తలుపులు మాయం. రెండోవాడిది పెద్దవాడికిస్తే గోడలన్నీ మళ్ళీ ఉత్త గీతలు. "తోడల్లుళ్ళు గదా, ఒకరి విస్తట్లో ఒకరు తినరు" అనేది. ఆ తర్వాత వచ్చిన మూడోవాడు సోకులరాయుడు. రంగులు, నీడలు, ఇంటి ముందు కారు. కొలతలు మాత్రం అడగకూడదు. లోపల గోడలన్నీ డొల్ల. నాలుగోవాడి గురించి చెప్పడానికేం లేదు. ఇన్‌స్టాల్ చేసిన వారానికే వైరస్ తెచ్చి అందరినీ మంచం పట్టించాడు.

నేను చెప్పదలచుకున్న గొడవ రెండో అల్లుడు కొత్తగా ఉన్నప్పటిది.

మదనపల్లె టమోటా మండీలో గంగులప్ప అని ఒక వ్యాపారి. సొంతూరు పుంగనూరు. అక్కడి పాత మట్టికప్పు మిద్దె పడగొట్టి, కింద రెండు దుకాణాలు, పైన ఇల్లు కట్టాలనుకున్నాడు. ప్లాన్ ఈమెకు ఇచ్చాడు. కొలతలు ఆయన మనిషే తెచ్చాడు. ఆమె అప్పుడు కొత్త ప్రోగ్రాము సంబరంలో మునిగి ఉంది. ఆ ప్రోగ్రాము తెరిస్తే పచ్చటి నేల ఒకటి కనిపిస్తుంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఖాళీ. దానిమీద మన ఇల్లు ఒక్కటే లేస్తుంది. చుట్టూ ఎవరున్నారని అది అడగదు, చెబుదామన్నా చోటు లేదు. అన్ని ప్రశ్నలడిగే అల్లుడు ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమె కూడా ఆ ఒక్కసారి, జీవితంలో మొదటిసారి, "తూర్పున ఎవరప్పా?" అని అడగలేదు.

తూర్పున బట్టలు కుట్టే రమణమ్మ ఉంది. ఆమెది కూడా మట్టి మిద్దే. రెండు మిద్దెలకూ మధ్య ఒకే గోడ. పాత వీధుల్లో అది మామూలే. ఇటువైపు దూలాలూ అటువైపు దూలాలూ ఆ ఉమ్మడి గోడ మీదనే వాలి ఉంటాయి. ప్లాన్‌లో ఆ గోడ మొత్తం గంగులప్పదిగా పడింది. బయటి గోడా లోపలి గోడా అని అల్లుడు అడిగితే బయటిదని ఈమె చెప్పింది. ఆ గోడ తీసేసి, ఆ జాగాలో పిల్లర్లు వేసి, రెండు దుకాణాలకు రెండు పెద్ద షట్టర్లు పెట్టేట్టు కాగితం తయారైంది.

పని మొదలై గంగులప్ప మిద్దె దిగిపోయింది. గోడ పైన నాలుగు రాళ్ళు లాగేసరికి రమణమ్మ కుట్టుమిషన్ మీద మన్ను రాలింది. ఆమె వీధిలోకి వచ్చి గట్టిగా అరిచింది. మేస్త్రీ ఆపేశాడు. మదనపల్లెకు ఫోను వచ్చింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, ఇద్దరం బస్సెక్కి పోయాం.

ప్లానమ్మ ముందు గంగులప్పతో మాట్లాడలేదు. రమణమ్మ ఇంట్లోకి పోయి, తల పైకెత్తి దూలాలు చూసింది. బయటికి వచ్చి, వీధిలో అందరూ వింటుండగా, "తప్పు నాది. నేను పక్కిల్లు అడగలేదు. ఈ గోడ ఇద్దరిదీ. తీస్తే ఈయమ్మ కప్పు నిలబడదు. గోడ ఉంచి ప్లాన్ మార్చిస్తా" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చెయ్యి గోడను నిమురుతూనే ఉంది.

గంగులప్ప చెడ్డవాడేం కాదు. దుకాణాలకు అప్పుడే మనుషులను మాట్లాడుకున్నాడు. అంత లావు గోడ ఉంచితే రెండో పెద్ద షట్టర్ పట్టదు. "మునిసిపాలిటీ కూడా ఒప్పుకున్న కాగితమమ్మా ఇది. నువ్వు గీసిందే. ఇప్పుడొచ్చి కాదంటే ఎట్ల?" అన్నాడు. "కొత్తది గీసుకొని రా, సూస్తాం. అందాక పని ఆపుతా."

కొత్తది గీయడానికి కూర్చున్నాం. ఆ గోడను ఏ అల్లుడూ ఒప్పుకోలేదు. పెద్దల్లుడు రెండు గీతలు వేసి చేతులు దులుపుకున్నాడు. రెండోవాడితో పెట్టుకుంటే, గంగులప్ప ఇంటి ఎత్తు పెంచినప్పుడల్లా ఉమ్మడి గోడ కూడా పైకి పోయేది. తగ్గిస్తే కిందికి వచ్చేది. ఒక గోడ ఇద్దరిదీ అని చెప్పడానికి వాడిలో దారే లేదు. బయటిదా లోపలిదా, అంతే. ఈమె చాలాసేపు ఉత్త బల్లను నిమిరి, "లోపలిదే అందాం పా" అంది. "అంటే?" అన్నాను. "రమణమ్మ ఇల్లు కూడా గీస్తాం. రెండూ ఒకే ఇల్లని వానికి చెప్తాం. అప్పుడు అది లోపలి గోడ అవుతుంది గదా."

మరుసటి రోజు టేపు పట్టుకొని రమణమ్మ ఇల్లు కొలిచాం. పొయ్యి, అటక, గూడు, దూలాలు, ఏదీ వదలలేదు. రమణమ్మ మా వెనకే తిరుగుతూ, "నేను కట్టించడంల్యా గదమ్మా, నా ఇల్లు యాల గీస్తాండారు?" అని అడుగుతూనే ఉంది. రెండిళ్ళూ కలిపి గీశాక బొమ్మ బాగానే వచ్చింది. దూలాలు గోడ మీద వాలి ఉండటం స్పష్టంగా కనిపించింది. ప్లానమ్మ సంబరపడింది. గంగులప్ప కళ్ళకు చూపిస్తే అర్థమవుతుందని నమ్మింది. నేను కూడా నమ్మాను.

గంగులప్ప మేస్త్రీని వెంటబెట్టుకొని మదనపల్లె కొట్టుకు వచ్చాడు. కళ్ళు తుడుచుకుంటూ తెర ముందు కూర్చున్నాడు. రెండిళ్ళూ ఒకటిగా కనిపించేసరికి ముందు బెదిరిపోయాడు. "ఏందమ్మా ఇది? రెండూ ఒకే ఇల్లని రాసినావా? రేప్పొద్దున ఆయమ్మ నా దుకాణంలో బాగం అడిగితే?" అన్నాడు. అది ఉత్త బొమ్మేనని నచ్చజెప్పేసరికి మా తాతలు దిగివచ్చారు.

"ఇప్పుడు సూడప్పా. ఈ గోడ తీస్తే ఏమైతుందో" అని ప్లానమ్మ గోడను పట్టుకుని డిలీట్ నొక్కింది.

గోడ పోయింది. రమణమ్మ కప్పు అక్కడే ఉంది. దూలాలు గాలిలో, ఏ ఆధారమూ లేకుండా, చక్కగా తిన్నగా నిలబడి ఉన్నాయి. ఆమె ఇంకోసారి నొక్కింది. ఏదీ కదల్లేదు.

గంగులప్ప ముఖం వెలిగిపోయింది. "నిలబడే ఉండాది గదమ్మా! నీ కంప్యూటరే చెప్తాండాది, గోడ లేకపోయినా కప్పుకేం కాదని."

"వానికి బరువు తెలీదప్పా" అంది ప్లానమ్మ. "పుట్టినకాడ్నించి ఏదీ మోసినోడు కాదు వాడు. మనం గీసే గీతలు, నిలబడే బొమ్మలు, అంతే వాని లోకం. కప్పు కూలుతుంది."

"మొన్న కూడా నీ కంప్యూటరే గీసె, అది తప్పంటివి. ఇప్పుడు అదే గీసె, ఇదీ తప్పంటాండావు. నేను దేన్ని నమ్మల్ల?"

కావాలంటే రెండు గుంజలు ఆనించి పెడతానని, రేపు పొద్దున గోడ దించేస్తామని చెప్పి గంగులప్ప లేచి వెళ్ళిపోయాడు. ప్లానమ్మ తెర వైపే చూస్తూ కూర్చుంది. గాలిలో తేలే ఆ కప్పును కాసేపు అటూ ఇటూ తిప్పింది. తర్వాత కంప్యూటర్ కట్టేసి, "రేపు పొద్దున్నే వస్తావా అప్పా, పుంగనూరుకు?" అని అడిగింది.

మేము పోయేసరికి నిచ్చెన వేసి ఉంది. మేస్త్రీ గడ్డపారతో గోడ మీద ఉన్నాడు. రమణమ్మ మిషన్‌ను వీధిలోకి లాగి, దాని పక్కన నిలబడి ఏడుస్తోంది. జనం మూగారు. ప్లానమ్మ రమణమ్మ ఇంటి గడప దగ్గరకు పోయి, వెనక్కు తిరిగింది.

"గంగులప్పా, నేను లోపల కూర్చుంటాండాను. ఆ బొమ్మ గీసింది నేను, నమ్మింది నువ్వు. ఇద్దర్లో ఎవురో ఒకరు దాని కింద కూర్చోవల్ల గదా. వయసైనదాన్ని, నేనే కూర్చుంటా. మేస్త్రీ, కొట్టప్పా."

లోపలికి పోయింది. ఆమె వెనకే రమణమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ పోయింది. సామాన్ల కోసమో, ఈమెను లాక్కురావడానికో అనుకున్నాను. తలుపు దగ్గరకు చేరవేసి ఉంది, లోపల ఏమవుతోందో మాకు కనపడదు. అంత భయం నేను ముందెప్పుడూ ఎరగను. చిన్నప్పుడు బావిలో పడినప్పుడు కూడా అంత భయపడలేదు.

మేస్త్రీ గడ్డపార ఎత్తలేదు. దాన్ని నిచ్చెన పక్కగా కిందికి జారవిడిచి, తను కూడా దిగాడు. "నా చేత కాదన్నా. ఏరేవాళ్ళను సూసుకో" అన్నాడు.

గంగులప్ప నా వైపు తిరిగాడు. "ఏం సార్? నిజంగానే కూలుతుందా?" అన్నాడు. "మీరే లోపలికి పోయి, తలెత్తి చూడండి" అన్నాను. ఆయన తలుపు తోసి గడప మీద నిలబడ్డాడు. తల పైకెత్తాడు. చాలాసేపు దించలేదు. తెర మీద చూసినప్పుడు లేని సందేహం ఆ దూలాల కింద నిలబడితే వచ్చినట్టుంది.

"లేమ్మా. లేసి రా" అన్నాడు చివరికి. "ఆ రెండో దుకాణానికి చిన్న షట్టరే పెట్టిస్తా."

గోడ నిలిచింది. గంగులప్ప మేడ దాని పక్కనే రెండంతస్తులు లేచింది. ఆ తర్వాత ఆయన ప్లానమ్మ కొట్టుకు రాలేదు, మండీలో ఆయన మాట వినేవాళ్ళూ రాలేదు. ఆమె ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, "నేను అడగక పోతినే అప్పా, తూర్పున ఎవరని" అని ఒక్కసారి అంది. ఆ రోజు నుంచి ఏ అల్లుడి దగ్గర ఏ ఇల్లు గీసినా, చుట్టుపక్కల ఇళ్ళను బూడిదరంగు పెట్టెల్లా పేర్చి, వాటిమీద పేర్లు రాసిన తర్వాతే అసలు ఇల్లు మొదలుపెట్టేది. కంప్యూటర్ ఆ బరువుకు నత్తలా నడిచేది. "నడవనీ అప్పా, మనకేం తొందర" అనేది. నేను కొత్త సీడీ తెచ్చి దాని గొప్పలు చెబుతుంటే, "ఇవన్నీ సరే. పక్కోళ్ళకు చోటుందా?" అని అడిగేది. ఉందని చెప్పే సీడీ నాకు చివరిదాకా దొరకలేదు.

మొన్న బస్సు వదిలేసి రమణమ్మ ఇంటికి పోయాను. నన్ను గుర్తుపట్టింది. సంగతి ఆమెకూ అప్పటికే తెలుసు. చాప వేసి కూర్చోబెట్టింది. తర్వాత, ఇన్నేళ్ళుగా నా మనసులో ఉన్నది అడిగాను. ఆ రోజు ఇద్దరూ లోపలికి పోయాక ఏం జరిగింది?

"ఏముండాది సార్. బయట అంత దైర్నంగా మాట్లాడె గదా, లోపలికొస్తానే నేల మింద కూలబడె. నా చెయ్యి పట్టుకొని, 'నాకు బయమేస్తాండాదమ్మా. నువ్వు బయటికి పో, ఇది నా తప్పు, నేనొక్కదాన్నే కూర్చుంటా' అనె."

"మరి మీరు బయటికి రాలేదే?"

"యాడికి పోతాను సార్?" అంది రమణమ్మ. "నా ఇంటికొచ్చిన మనిషి బయపడతాంటే వదిలిపెట్టి పోతానా? పక్కన కూర్చుంటిని. ఇద్దరమూ ఈ గోడకే ఆనుకోని కూర్చుంటిమి."